సదస్సు అయ్యాక చూద్దాం

ఆ చలికాలమంతా ఆదివారం మధ్యాహ్నం కునుకు అనేది నాకు లేకుండా పోయింది. వారమంతా ఆఫీసు. శనివారం పచారీ సామాన్లు, బట్టలు ఉతకడం, అమ్మాయిని క్లాసులకు తిప్పడం. ఆదివారం భోజనాలయ్యాక మా ఆయన సోఫాలో నడుం వాల్చేవారు. నేను డైనింగ్ టేబుల్ మీద గిన్నెలు ఒక పక్కకు నెట్టి, లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్లు తగిలించుకునేదాన్ని. తెర మీద మూడు ముఖాలు కనిపించేవి: మా ప్రాంతీయ అధ్యక్షురాలిది, విద్యార్థి ప్రతినిధిది, నాది. మార్చిలో మా ఆనర్ సొసైటీ ప్రాంతీయ సదస్సు జరగాలి. దాన్ని నడిపించాల్సింది మేం ముగ్గురమే. ముగ్గురిలో ఎవరికీ జీతం లేదు.

ఆనర్ సొసైటీ అంటే కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లను పిలిచి చేర్చుకునే సంఘం. మాది కమ్యూనిటీ కాలేజీల వాళ్లది. రెండేళ్ల చదువులు, తక్కువ ఫీజులు, పగలు ఎక్కడో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చే మనుషులు. నేను ఈ దేశానికి వచ్చింది మా ఆయన వీసా మీద, ఆయన భార్యగా. మన దగ్గర కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాను గానీ ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి చాలా ఏళ్లు రాలేదు. వచ్చేసరికి నలభై దగ్గరపడ్డాయి, చదివిన కెమిస్ట్రీ చాలావరకు మరిచిపోయాను. మేముండే నేపర్‌విల్‌లో ఇంటికి దగ్గర్లోనే కాలేజీ ఉంటే అకౌంటింగ్ కోర్సులో చేరాను. పక్క బెంచీలో కూర్చునే పిల్లలు మా అమ్మాయి కంటే మూడు నాలుగేళ్లు పెద్ద, అంతే.

ఒకరోజు, మీరు మా సంఘంలో సభ్యత్వానికి అర్హత సాధించారు అని ఈమెయిల్ వచ్చింది. ఇలాంటి మోసాలు బోలెడు కదా అని డిలీట్ చేయబోయాను. మా అమ్మాయి వెనకనుంచి చూసింది.

"అమ్మా, ఆగు. ఇది రియల్. మా స్కూల్‌లో వీళ్ల పోస్టర్ ఉంది."

అలా చేరాను. కోర్సు అయిపోయి ఒక చిన్న ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఉద్యోగం వచ్చాక కూడా, పూర్వ విద్యార్థిగా ఉండి సాయం చేయమంటే సరేనన్నాను. నెలకో మీటింగ్ అన్నారు మొదట. తర్వాత అది వారానికొకటి అయింది.

అధ్యక్షురాలికి డెబ్బై దగ్గర ఉంటాయి. రిటైరైన నర్సు. మాకు దక్షిణంగా రెండు గంటల దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఊళ్లో ఉండేది. పిల్లలు స్కూలుకు వెళ్లే వయసొచ్చాక తను కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదివిందట. అప్పుడు సంఘంలో చేరి, మళ్లీ బయటికి రాలేదు. ఏళ్ల తరబడి ఈ సదస్సు ఆవిడ చేతిమీదుగానే జరుగుతోంది. మైకు ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. కొత్త సభ్యుల పేర్లు చదివే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఎలా పలకాలో అడిగి, పక్కకు పోయి పెదాలు కదుపుతూ అభ్యాసం చేసుకునేది. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

మీటింగ్ మధ్యలో ఆవిడ వెనక ఒక ముసలాయన వాకర్ పట్టుకుని నెమ్మదిగా దాటిపోతూ కనిపించేవాడు. ఆవిడ భర్త. అంతకు ముందు ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చిందని తర్వాత తెలిసింది. "ఒక్క నిమిషం" అని ఆవిడ మైకు కట్టేసి వెళ్లేది. ఖాళీ కుర్చీ వంక చూస్తూ మేమిద్దరం కూర్చునేవాళ్లం. పది నిమిషాలకు వచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మొదలుపెట్టేది.

విద్యార్థి ప్రతినిధి మన తెలుగు పిల్లవాడే. ఇక్కడే పుట్టాడు. ఇరవై ఏళ్లుంటాయి. పొద్దున్న కాఫీ షాపులో పని, మధ్యాహ్నం క్లాసులు. మొదటి మీటింగ్‌లోనే, "హాయ్ ఆంటీ" అన్నాడు. అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకుని, మీరిద్దరూ బంధువులా అని అడిగింది. ఇద్దరం నవ్వేశాం.

తర్వాత అతను నాకు విడిగా ఫోన్ చేశాడు.

"ఆంటీ, ఒక ఫేవర్. మా మమ్మీ ఫ్రెండ్స్‌కి చెప్పకండి, నేను కమ్యూనిటీ కాలేజ్ అని. మమ్మీ అందరికీ ఏదో వేరే చెప్పింది."

"అదేంటి నాయనా, నేనూ అక్కడే చదివాను కదా. అందులో దాచుకునేది ఏముంది?"

"మీరు డిఫరెంట్ ఆంటీ. మీరు ఓల్డ్ కదా."

ఆ మాటకు నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక కాసేపు ఏదోలా అనిపించింది. వాళ్లమ్మ నాకు గుళ్లో ముఖపరిచయం. కనిపిస్తే, బాగున్నారా అంటే బాగున్నారా అనుకునేంత. ఆవిడతో ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

జనవరి వచ్చేసరికి పనులు ఒకదాని వెనక ఒకటి బెడిసికొట్టాయి. హోటల్ వాళ్లు పెద్ద హాలు ఎవరిదో పెళ్లికి ఇచ్చేశారు, మాకు రెండు చిన్న గదులు కలిపి ఇస్తామన్నారు. మాట్లాడతానన్న ముఖ్య అతిథి రాలేనంది. కాలేజీలకు మెయిల్ మీద మెయిల్ పెడితే సగంమంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు, ఇక్కడ సంఘం పనులు చూసే లెక్చరరు ఉద్యోగం మానేశారు, విద్యార్థులను ఎవరు తీసుకొస్తారో తెలియదు అని రాశారు. పగలు ఆఫీసులో ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్లు, సాయంత్రం కాలేజీలకు ఫోన్లు. ఇంట్లో దేనికైనా నా నోట్లోంచి ఒకటే మాట వచ్చేది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి అంటే, సదస్సు అయ్యాక చూద్దాం. బాత్రూంలో కొళాయి కారుతోంది అంటే, సదస్సు అయ్యాక చూద్దాం. రెడ్‌మండ్ నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తామంటే కూడా అదే అన్నాను. మా ఆయనకు చిరాకొచ్చింది.

"ఏంటది, మన అమ్మాయి పెళ్లా? జీతం లేదు, ఏం లేదు. ఎవరైనా నిన్ను బలవంతం చేశారా?"

"లేదండీ."

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలియలేదు. ఒప్పుకున్నాను కాబట్టి చేస్తున్నాను. అంతకు మించి చెప్పడానికి ఓపిక కూడా లేదు.

ఆ వారం మీటింగ్‌లో నేనే మాట ఎత్తాను. ఈసారికి ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం, హోటల్ గొడవ ఉండదు, పిల్లలకు ప్రయాణం ఉండదు, అందరూ ఇంట్లోనుంచే చూస్తారు అన్నాను. విద్యార్థి ప్రతినిధి కూడా తలూపాడు. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసేసింది.

"ఆన్‌లైన్‌లో అయితే నేను లేకుండా చేసుకోండి" అని మీటింగ్‌లోంచి వెళ్లిపోయింది.

మేమిద్దరం మిగిలాం. "ఆంటీ, ఆమెకి కోపం వచ్చిందా?" అన్నాడు అతను. వచ్చినట్టే ఉంది అన్నాను. నాకూ వచ్చింది. ఇంత చేస్తున్నది ఎవరికోసం, ఈవిడ పంతం కోసమా అనుకున్నాను. గిన్నెలు కడుగుతూ ఆవిడను మనసులో చాలా అన్నాను.

మర్నాడు ఆఫీసులో భోజనం డబ్బా తెరుస్తుంటే ఆవిడ ఫోన్ చేసింది. కారిడార్‌లోకి వెళ్లి ఎత్తాను.

"నిన్న గట్టిగా అన్నాను, ఏమనుకోకు."

"పర్వాలేదండి."

"నువ్వన్నది నిజమే. ఆన్‌లైన్ అయితే అందరికీ సులువు. కానీ నీకొక విషయం చెప్తాను, ఎవరితోనూ అనకు. సదస్సు జరిగే ఆ రెండు రోజులూ మా ఆడపడుచు వచ్చి ఆయన్ని చూసుకుంటుంది. ఏడాదిలో ఆ రెండు రోజులే నేను ఇంటి బయట పడుకునేది. రాత్రి నన్నెవరూ లేపరు. విద్యార్థుల కోసం అని అందరికీ చెప్తాను. అదీ నిజమే. కానీ ఇదీ ఉంది."

ఆవిడ ఏడవలేదు. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "హోటల్లోనే పెడదామండి" అన్నాను. ఆ తర్వాత ఆన్‌లైన్ మాట మళ్లీ ఎత్తలేదు. విద్యార్థి ప్రతినిధి ఎందుకని అడిగితే, ఆవిడకు అలా ఇష్టం అని చెప్పాను.

మార్చి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో సెలవు పెట్టి హోటల్‌కు చేరాను. అది హైవే పక్కన, ఒక పెట్రోల్ బంకుకీ పాన్‌కేకుల హోటల్‌కీ మధ్య ఉంది. అధ్యక్షురాలు అప్పటికే వచ్చేసింది. పేరు బిళ్లలు, పూలు, సభ్యత్వ ప్రమాణానికి వాడే బ్యాటరీ కొవ్వొత్తులు అన్నీ ఆవిడ కారులోనుంచి మోశాం. ఆవిడ ముఖం వాచి ఉంది. ఆడపడుచు ఆలస్యంగా వచ్చిందట, పొద్దుటినుంచి ఒక్క ముద్ద తినలేదట.

చీకటి పడ్డాక మంచు మొదలైంది. మార్చిలో ఇంత కురుస్తుందని ఎవరం అనుకోలేదు. తెల్లారి కిటికీ తెర తీసి చూస్తే పార్కింగ్‌లో ఏ కారు ఎవరిదో తెలియలేదు. ఫోన్లు మొదలయ్యాయి. దక్షిణం వైపు కాలేజీల బస్సులు సగం దారిలో వెనక్కి తిరిగాయి. కొన్ని అసలు బయల్దేరలేదు. కాఫీ పెట్టిన టేబుల్ దగ్గర నిలబడి ఒక్కో ఫోనూ ఎత్తుతూ, "సరే, జాగ్రత్తగా ఉండండి, పర్వాలేదు" అనే మాట ఎన్నోసార్లు అన్నాను. పర్వాలేదు అనిపించలేదు. ఒక్క క్షణం, నేనూ వెనక్కి వెళ్లిపోతే ఎంత బాగుంటుంది అనిపించింది.

విద్యార్థి ప్రతినిధి తొమ్మిదింటికి వచ్చాడు. అతని కారు కదలకపోతే వాళ్లమ్మ తన పెద్ద బండిలో తీసుకొచ్చింది. అతన్ని దింపి వెళ్లిపోదామనుకుందట గానీ రోడ్లు ఇంకా శుభ్రం చేయలేదు. బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"మీరా? మీరేంటండీ ఇక్కడ?"

"నేనూ ఇక్కడ చదివినదాన్నే అండీ. మీవాడూ నేనూ కలిసే చేస్తున్నాం ఇదంతా."

ఆవిడ ముఖం ఎర్రబడింది. కొడుకు వైపు చూసింది. అతను అప్పటికే హాల్లోకి వెళ్లి కుర్చీలు లెక్కపెడుతున్నాడు. సగం టేబుళ్లు తీసేసి మిగతావి దగ్గరగా జరుపుదాం, ఖాళీగా కనిపించదు అని దగ్గరి కాలేజీలనుంచి అప్పటికే చేరిన పిల్లలకు చెప్తున్నాడు. పిల్లలు అతను చెప్పినట్టే జరుపుతున్నారు.

"ఇంట్లో ప్లేట్ కూడా తియ్యడండీ వీడు" అంది ఆవిడ. తర్వాత స్వెటర్ చేతులు పైకి మడిచి, తనూ ఒక టేబుల్ చివర పట్టుకుంది. సాయంత్రం దాకా అక్కడే ఉంది. మేమిద్దరం ఆ రోజు అతని కాలేజీ గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. శాకాహారం అంటే హోటల్ వాళ్లు ఉప్పు లేని కూరగాయలు ఉడికించి పెట్టారని మాట్లాడుకున్నాం. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పచ్చడి పొట్లం తీసింది.

ముఖ్య అతిథి లేదు కాబట్టి ఆ సమయంలో పిల్లలనే ఒక్కొక్కరిని లేచి, ఎందుకు చదువుతున్నారో చెప్పమన్నాం. మొదట ఎవరూ లేవలేదు. తర్వాత సాయంత్రం క్లాసులకు వచ్చే ఒక బస్సు డ్రైవరు లేచాడు, యాభై ఏళ్లవాడు. ఆ తర్వాత ఆపడం కష్టమైంది. నేను గోడకు ఆనుకుని విన్నాను. కొన్ని విన్నాను, కొన్నింటిలో నిలబడే కునికాను. అధ్యక్షురాలు మాత్రం ఒక చోట కూర్చోలేదు. వంటింటికీ హాలుకూ మధ్య, నడుం మీద చెయ్యి వేసుకుని తిరుగుతూనే ఉంది.

సాయంత్రం కొత్త సభ్యుల ప్రమాణం. అది మొత్తం సదస్సుకు గుండెకాయ అనేది ఆవిడ. పిల్లలు వరసలో నిలబడ్డారు. కొవ్వొత్తులు చేతుల్లోకి వచ్చాయి. ఆవిడ లేదు. బాత్రూంలో చూశాను, వంటింట్లో చూశాను. చివరికి కోట్లు తగిలించే గది పక్కన, కారిడార్ మలుపులో కనిపించింది. గోడ వారగా వేసిన కుర్చీలో, బూట్లు విప్పేసి, మేజోళ్ల కాళ్లు ముందుకు చాపి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఒళ్లో పేర్ల కాగితాలు. ఒక్కో పేరు పక్కనా ఎలా పలకాలో తనకు అర్థమయ్యేలా రాసుకుంది.

లేపాలనిపించలేదు. కానీ ఇది ఆవిడది. లేపకపోతే ఇంకెప్పుడూ నన్ను క్షమించదనుకుని భుజం తట్టాను. కళ్లు తెరిచింది. నేనెవరో గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది.

"టైమయిందండి. అందరూ నిలబడి ఉన్నారు."

ఆవిడ హాలు తలుపు వైపు చూసింది. తర్వాత ఒళ్లో కాగితాలు తీసి నా చేతికి ఇచ్చింది.

"నువ్వే కానిచ్చెయ్. నాకు లేవాలని లేదు."

"మీరు..."

"లేదమ్మా. నిజంగానే."

అని మళ్లీ కళ్లు మూసుకుంది. ఒంట్లో బాగాలేదేమో అని భయమేసి చెయ్యి పట్టి చూశాను. వెచ్చగానే ఉంది, ఊపిరి మామూలుగానే ఆడుతోంది. వంకెకు తగిలించిన నా కోటు తెచ్చి కప్పి, హాల్లోకి వెళ్లాను.

విద్యార్థి ప్రతినిధికి సగం కాగితాలు ఇచ్చాను. "ఆంటీ, నేనా?" అన్నాడు. నువ్వే అన్నాను. ఇద్దరం మార్చి మార్చి చదివాం. పోలండ్ పేర్ల దగ్గర నేను తడబడితే పిల్లలు నవ్వారు, ఆ పేరున్న అమ్మాయే సరిచేసింది. మైకు నా చేతికి బరువుగా ఉంది. కొవ్వొత్తులు వెలిగించమని చెప్పడం మరిచిపోయి, ప్రమాణం సగంలో ఉండగా గుర్తొచ్చి చెప్పాను. ఎలాగో అయింది. వెనక వరసలో నిలబడి వాళ్లమ్మ ఫోన్‌తో కొడుకును వీడియో తీసింది.

పిల్లలు ఫోటోలు దిగుతుంటే అధ్యక్షురాలు లోపలికి వచ్చింది. బుగ్గ మీద కుర్చీ అంచు ముద్ర పడి ఉంది. నా కోటు భుజాల మీదే ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నన్ను ఎవరైనా అడిగారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఇద్దరు ముగ్గురు అడిగారు. మిగతావాళ్లు ఫోటోల హడావిడిలో ఉన్నారు."

ఆవిడ నవ్వింది. తర్వాత వెళ్లి కేకు రెండు ముక్కలు ప్లేట్లో పెట్టుకుని, అక్కడే కూర్చుని రెండూ తినేసింది.

ఆదివారం పొద్దున్న ఎన్నిక. అధ్యక్షురాలు మైకు తీసుకుని, వచ్చే ఏడాదికి నేను ఉండను, ఎవరు ముందుకొస్తారు అని అడిగింది. కాఫీ యంత్రం ఒక్కటే బుడబుడమంటోంది. ముందు పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ నా వైపు చూశారు. విద్యార్థి ప్రతినిధి కూడా చూశాడు. నేను టేబుల్ గుడ్డ మీద మరక చూస్తూ కూర్చున్నాను. చెయ్యి ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ హోటల్ వాళ్లు, మళ్లీ జవాబు రాని మెయిళ్లు. చెయ్యి ఎత్తలేదు. ఆవిడ కూడా నా పేరు పిలవలేదు. ప్రస్తుతానికి పదవి ఖాళీ అని చెప్పి సభ ముగించింది.

సామాన్లన్నీ సర్ది పార్కింగ్‌లోకి వచ్చేసరికి ఎండ కాసింది. ఇద్దరం పక్కపక్కనే ఉన్న కార్ల అద్దాల మీద మంచు గీకుతున్నాం. ఏదైనా చెప్పాలనిపించింది నాకు.

"నేను ఒప్పుకోలేకపోయానండి. ఏమనుకోకండి."

ఆవిడ గీకడం ఆపింది. "నువ్వు చెయ్యి ఎత్తుతావేమో అని నాకు భయమేసింది."

"భయమా?"

"ఎత్తితే సంతోషపడాలి కదా నేను. అందరి ముందూ సంతోషపడేదాన్నే. ఇంటికెళ్లాక మాత్రం నీ మీద జాలిపడేదాన్ని. నీకింకా ఇంట్లో పిల్ల ఉంది. ఉద్యోగం ఉంది. ఇందులో పడితే బయటికి రావడం తెలియదు. నన్ను చూశావు కదా."

"మీరు బాధపడుతున్నారా, మానేస్తున్నందుకు?"

మళ్లీ అద్దం గీకడం మొదలుపెట్టింది. "ఇంకా తెలియలేదు. ముందు ఇంటికెళ్లి ఆయనకు స్నానం చేయించాలి" అంది.

ఎండాకాలం దాకా ఆ పదవికి ఎవరూ రాలేదు. తర్వాత పై వాళ్లు మా ప్రాంతాన్ని పక్క రాష్ట్రంతో కలిపేశారు. ఇప్పుడు సదస్సు అక్కడెక్కడో జరుగుతుంది, మాకు మెయిల్ మాత్రం వస్తుంది. విద్యార్థి ప్రతినిధి పెద్ద యూనివర్సిటీకి మారాడు. వెళ్లేముందు వాళ్లమ్మ గుళ్లో నన్ను చూసి, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లకు పరిచయం చేసింది. "మావాడూ ఈవిడా కమ్యూనిటీ కాలేజీలో కలిసి పనిచేశారండీ" అంది. ఆ ఇద్దరిలో ఒకరు వెంటనే, మా అమ్మాయినీ అక్కడే వేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందండీ అని అడిగారు. ప్రసాదం చేతిలో పట్టుకుని చాలాసేపు చెప్పాను.

అధ్యక్షురాలు ఆ శరదృతువులో ఒకసారి ఫోన్ చేసింది. భర్త కొంచెం నయమట, వాకర్ లేకుండా వంటింటిదాకా నడుస్తున్నాడట. వారానికి ఒక మధ్యాహ్నం చర్చి వాళ్లు వచ్చి ఆయన దగ్గర కూర్చుంటున్నారట. ఆ టైములో మీరేం చేస్తారు అని అడిగాను.

"కారులో గ్రంథాలయం దాకా వెళ్తాను. ఒక్కోసారి లోపలికి కూడా వెళ్లను. పార్కింగ్‌లో కూర్చుంటాను."

తర్వాత మా అమ్మాయి చదువు గురించి అడిగింది. మా కొళాయి గురించి నేను చెప్పాను, ఇంకా బాగుచేయించలేదని. ఎలాంటి రబ్బరు వాషర్ కొనాలో ఆవిడ చెప్తుంటే రాసుకున్నాను. సదస్సు మాట ఇద్దరం ఎత్తలేదు. ఆయన పిలుస్తున్నట్టున్నాడు, ఉంటాను అని ఫోన్ పెట్టేసింది.